మామ పేరు దించిన వాల్మా

మిరిల్గూ షైర్ ఆఫీసులో వాల్మా ఉద్యోగం పేరు రెండు వరసలు. 'ఆదివాసీ భాగస్వామ్యాల, పరస్పర గౌరవ సమన్వయాధికారి' అని తలుపు మీద రాయించబోతే తలుపు చాలక సగం గోడ మీదికి వెళ్ళింది. పని మాత్రం చిన్నదే. చుట్టూ నూట యాభై మైళ్ళ ఎర్రమట్టికి ఆ షైరే పంచాయతీ కాబట్టి, ఆఫీసువాళ్ళు ఏదైనా పొరపాటు చేస్తే ఊళ్ళో తనవాళ్ళ చేత తిట్లు తినాలి. తనవాళ్ళకి కోపం వస్తే ఆఫీసులో తెల్లవాళ్ళ నిట్టూర్పులు వినాలి. అడకత్తెరలో పోకచెక్క బతుకు అంటారు గానీ, పోకచెక్కకి జీతమూ సెలవులూ ఉండవు, వాల్మాకి ఉన్నాయి. అందుకని పదిహేడేళ్ళుగా ఆవిడ ఎవరికీ ఫిర్యాదు చెయ్యలేదు.

ఆవిడ పుట్టింది వాగు అవతల రేకుల ఇళ్ళలో. పదిహేనో ఏట ఒక గొర్రెల ఆసామి ఇంట్లో వంటకి కుదిరింది. తర్వాత బడి క్యాంటీన్లో చేసింది, ఆ తర్వాత షైర్ ఆఫీసు నేల తుడిచింది. ఒకరోజు పైనుంచి ఉత్తరం వచ్చింది, ప్రతి షైర్లోనూ ఆదివాసీ అధికారి ఒకరు ఉండితీరాలని. సభ్యులంతా కూర్చుని ఎవర్ని వేద్దామా అని తలలు బద్దలు కొట్టుకుంటుంటే, అదే గదిలో వాల్మా తుడుస్తోంది. బకెట్ పక్కన పెట్టి కుర్చీలో కూర్చోమన్నారు. తుడవడానికి ఇంకో మనిషి దొరకడానికి వారం పట్టింది కాబట్టి ఆ వారమంతా అధికారి ఆవిడే, నేల తుడిచిందీ ఆవిడే. ఆ వారం ఆఫీసు నడిచినంత శుభ్రంగా మళ్ళీ ఎప్పుడూ నడవలేదని ఆవిడ ఇప్పటికీ అంటుంది.

ఈమధ్యే ఆఫీసువాళ్ళందరికీ రెండు రోజుల గౌరవ శిక్షణ అయింది. ఆదివాసీ పెద్దవాళ్ళని 'ఆంటీ' అనీ 'అంకుల్' అనీ పిలవాలని అందులో నేర్పారు. అప్పటినుంచి షైర్ ప్రెసిడెంట్ నెవిల్ ప్రౌట్, డెబ్భై ఒకటో ఏట, మోకాళ్ళు పట్టేసిన మనిషి, యాభై ఆరేళ్ళ వాల్మాని చూసినప్పుడల్లా కుర్చీలోంచి కష్టపడి లేచి "నమస్కారం వాల్మా ఆంటీ" అనడం మొదలుపెట్టాడు. వాల్మా మొదట్లో నవ్వేది, తర్వాత నవ్వు ఆపుకోవడం నేర్చుకుంది. అది మాత్రం ఏ శిక్షణలోనూ నేర్పలేదు.

ఇక ఆవిడ మేనమామ సంగతి. ఆయన పేరు నేను రాయను. చనిపోయినవాళ్ళ పేరు మా వైపు ఎత్తరు. ఏడాదో రెండేళ్ళో, ఇంటివాళ్ళు ఇక చాలు అనేదాకా ఆ పేరు నోటికి రాకూడదు, ఫోటో కళ్ళ పడకూడదు. అదే పేరున్నవాడు ఇంకొకడు ఉంటే, పాపం, వాడు కూడా అన్నాళ్ళూ వేరే పేరుతో తిరుగుతాడు. పేరు పెట్టి పిలిస్తే వెళ్ళేవాడు వెళ్ళలేక వెనక్కి తిరిగి చూస్తాడని పెద్దల మాట. నేనూ ఆ ఊరి నీళ్ళు తాగినదాన్నే. కాబట్టి మామ అనే అంటాను.

మామ ముప్పై ఒక్క ఏళ్ళు షైర్ గ్రేడర్ బండి నడిపాడు. మిరిల్గూ చుట్టూ ఉన్న మట్టిరోడ్లన్నీ ఆయన చదును చేసినవే. మ్యాపులో గీత తిన్నగా ఉంటుంది, రోడ్డు మాత్రం అక్కడక్కడా వంకర పోతుంది. కొత్తగా వచ్చిన ప్రతి ఇంజినీరూ ఆ వంకర్లు చూసి గింజుకునేవాడు. "ఏమయ్యా, ఇక్కడ ఏముందని పక్కకి తిప్పావు?" అంటే మామ టోపీ వెనక్కి తోసి, "మెత్తటి నేల సార్, బండి దిగబడుద్ది" అనేవాడు. అక్కడ నేల బండరాయి అంత గట్టిది. మెత్తగా ఉండాల్సిన కారణాలు వేరే, పెద్దలు తాకొద్దన్న చోట్లు అవి, మావాళ్ళకి తెలుసు, ఇంజినీరుకి చెప్పేవి కావు. ముప్పై ఒక్క ఏళ్ళలో ఒక్క చోట కూడా ఆయన బ్లేడు తగలకూడని దానికి తగల్లేదు. ఇదంతా ఏ కాగితమూ లేకుండా జరిగిపోయింది.

కాగితం తర్వాత వచ్చింది. 'గౌరవ భాగస్వామ్య ఒప్పందం', అరవై రెండు పేజీలు. మావాళ్ళ ఆచారాలకి సంబంధించిన ఏ నిర్ణయమైనా మావాళ్ళ సలహా సంఘాన్ని అడక్కుండా షైర్ తీసుకోకూడదని అందులో ఉంది. సంఘంలో ఐదుగురు. అధ్యక్షుడు మామ. ఆయన భార్య డల్సీ అత్త ఒక సభ్యురాలు. మిగతా ముగ్గురూ మామ తోబుట్టువుల పిల్లలు. ఊరంతా ఒకే కుటుంబమైతే సంఘం ఇంకెలా ఉంటుంది.

ఆ సంఘం నిజంగా ఒక పని సాధించింది. డల్సీ అత్తకి కిడ్నీలు మెల్లగా పాడవుతున్నాయన్నారు. అవి పూర్తిగా పోయిన నాటినుంచి వారానికి మూడుసార్లు మిషన్ మీద రక్తం శుభ్రం చేయించుకోవాలి. ఆ మిషన్ ఏడు వందల కిలోమీటర్ల దూరాన పెర్త్‌లో ఉండేది. అత్త అక్క అదే జబ్బుతో పెర్త్ వెళ్ళి, నాలుగేళ్ళు ఎవరూ తెలియని ఊళ్ళో ఫ్లాట్ కిటికీ పక్కన కూర్చుని, చివరికి పెట్టెలో తిరిగొచ్చింది. అత్త ఆ పెట్టె చూసింది. "నేను పోను. పోతే ఇక్కడే పోతా" అని మామతో చెప్పేసింది. మామ తొమ్మిదేళ్ళు తిరిగాడు. చివరికి షైర్ స్థలమిచ్చి హాలు కట్టింది, మిషన్లు రెండు వచ్చాయి, కార్మెల్ అనే నర్సు వచ్చింది. ఒప్పుకోవాలి, షైర్ ఆ పని బాగా చేసింది. అక్కడితో ఆగివుంటే ఈ కథ లేదు.

కానీ గౌరవించాలి కదా. హాలుకి ఇంకా పునాది తవ్వకముందే, ఆలు లేదు చూలు లేదు అన్నట్టు, పేరు పెట్టేశారు. మామ పేరు. ఎవరికీ చెప్పకుండా మూసిన తలుపుల మధ్య తీర్మానం చేశారు, ప్రారంభోత్సవం రోజున గుడ్డ లాగి ఆయన్ని ఆశ్చర్యపరుద్దామని. మామకి ఆశ్చర్యపడే అవసరం లేకపోయింది. ప్రారంభోత్సవానికి పదకొండు రోజుల ముందు, పొద్దున్నే టీ తాగుతూ పోయాడు.

వాల్మా సెలవు పెట్టి ఏడుపు మకాంలో కూర్చుంది. అంటే చావు జరిగిన ఇల్లు ఖాళీ చేసి, బంధువులంతా వాగు ఒడ్డున పరుపులు వేసుకుని, వచ్చినవాళ్ళని పట్టుకుని ఏడ్చి, కంగారూ తోక నిప్పుల్లో కాల్చుకుని, మళ్ళీ ఏడ్చే చోటు. అప్పటికే మిషన్లు నడుస్తున్నాయి. సోమ, బుధ, శుక్రవారాలు మాత్రం అత్తని హాలుకి తీసుకెళ్ళి తెచ్చేది. ఆఫీసులో ఆవిడ కుర్చీ ఖాళీ. ఆచారాల సంగతి అడగాల్సిన మనిషి, ఆచారం ప్రకారమే ఆఫీసులో లేదు. శనివారం ప్రారంభోత్సవం జరిగిపోయింది. సాసేజీలు కాల్చారు. మావాళ్ళు ఒక్కరూ రాలేదు. దుఃఖం వల్ల రాలేకపోయారని నెవిల్ మైకులో చెప్పి కళ్ళు తుడుచుకున్నాడు.

సోమవారం వాల్మా ఎప్పట్లాగే అత్తని బండిలో ఎక్కించుకుని హాలు ముందుకి తెచ్చింది. తల ఎత్తి చూసింది. మూడు మీటర్ల బోర్డు. దాని మీద మామ పేరు, ఒక్కొక్క అక్షరం జానెడున్నర. పక్కన మామ, గ్రేడర్ మీద కూర్చుని, టోపీ వెనక్కి తోసి, నవ్వుతూ.

అత్త రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుంది.

"బండి తిప్పవే కోడలా."

"అత్తా, మిషన్..."

"తిప్పమంటన్నానా. ఆయన్ని అట్టా ఎండలో నిలబెట్టి, నన్ను ఆయన కింద నించి నడిచి పొమ్మంటావా?"

వాల్మా బండి తిప్పింది. అత్తని వాగు దగ్గర దింపి నేరుగా ఆఫీసుకొచ్చింది.

ఆఫీసుకి పెద్ద షోనా. ముప్పై ఎనిమిదేళ్ళ మనిషి, మంచిది. మంచిదని ఎందుకు చెబుతున్నానంటే ఈ కథలో చెడ్డవాళ్ళెవరూ లేరు. ఉండివుంటే పని తొందరగా అయ్యేది.

"వాల్మా ఆంటీ, బోర్డు చూశారా? చూస్తే మీ కళ్ళల్లో నీళ్ళు తిరుగుతాయని నాకు తెలుసు."

"తిరిగాయి. దాన్ని దించెయ్యి షోనా."

షోనాకి అర్థం కాలేదు. వాల్మా చెప్పింది, అత్త సంగతీ మిషన్ సంగతీ. చెప్పి, "మా ఆచారాల మీద ఆఫీసుకి నేను రాసిన పుస్తకం చదివావు కదా, పద్నాలుగో పేజీ" అంది.

షోనా బీరువాలోంచి పుస్తకం తీసింది. అట్టకి ప్లాస్టిక్ వేయించి, పేజీ పేజీకి రంగు కాగితాలు అంటించి ఎంతో భద్రంగా పెట్టుకుంది. పద్నాలుగో పేజీ తెరిచి వేలుతో చూపించింది.

"చనిపోయినవారి పేరు పలకరాదు అని ఉంది ఆంటీ. మేం పలకలేదు. ప్రారంభోత్సవంలో నెవిల్ గారికి కూడా ముందే చెప్పాను, పేరు మాత్రం నోటితో అనొద్దని. ఆయన అటు చెయ్యి చూపించారంతే. రాశాం గానీ, పలకలేదు."

"పేజీ తిప్పు."

షోనా తిప్పింది. ఫోటోల సంగతి పదిహేనో పేజీలో ఉంది. ఆ పిల్ల అది చదివింది. కుర్చీలో కూలబడి ఏడ్చింది. వాల్మాకి తిట్టడానికి వచ్చి ఓదార్చాల్సి వచ్చింది. పదిహేడేళ్ళ ఉద్యోగంలో ఆవిడ పని సగం అదే.

"సరే, ఏడుపాపు. నిచ్చెన పంపించు, అరగంట పని."

"అలా ఎలా ఆంటీ?" షోనా ముక్కు తుడుచుకుంది. "ఒకసారి మిమ్మల్ని అడక్కుండా చేసి తప్పు చేశాం. మళ్ళీ అడక్కుండా చెయ్యమంటారా? ఇది ఆచారానికి సంబంధించిన నిర్ణయం. ఒప్పందం ప్రకారం మీ సలహా సంఘం చెప్పాలి."

"నేను చెబుతున్నా కదా."

"మీరు ఉద్యోగి. సంఘం కాదు."

"సంఘం అధ్యక్షుడు ఎవరు?"

షోనా నోరు తెరిచి, పేరు నాలిక చివర దాకా వచ్చి, మూసుకుంది. ఆ ఒక్క విషయంలో పుస్తకం పనిచేసింది.

"ఆయన లేడు," అంది వాల్మా. "అత్త ఏడుపులో ఉంది. మిగతా ముగ్గురూ ఆమె పక్క పరుపుల మీదున్నారు. ఇంకా మూడు వారాలు అక్కణ్ణుంచి లేవరు. సంఘం ఎక్కడ కూర్చుంటుంది?"

"మరి మూడు వారాలు ఆగుదాం. మీ దుఃఖాన్ని గౌరవించడం మా ధర్మం."

"అత్త రక్తం ఆగదు షోనా."

అప్పుడే నెవిల్ లోపలికొచ్చాడు. సంగతి విని గుమ్మం పట్టుకుని నిలబడిపోయాడు. ఆయన ఇరవై ఏళ్ళ వయసులో మామతో కలిసి గొర్రెల బొచ్చు కత్తిరించాడు. మామ పోయాడని తెలిసిన రోజున గొర్రెల దొడ్లో ఒక్కడే కూర్చుని ఏడ్చాడని ఊళ్ళో అందరికీ తెలుసు.

"ఆంటీ, వాడి పేరు దించమంటారా? నా చేత్తోనా?" అన్నాడు. "ఈ ఊళ్ళో రోడ్లకీ పార్కులకీ ఎవరెవరి పేర్లో ఉన్నాయి. మా తాత పేరుతో రెండున్నాయి, ఆయనంత వెధవ లేడు. మొదటిసారి ఒక మంచివాడి పేరు పెడితే మూడో రోజే దించానంటే, రేపు పత్రికలో ఏం రాస్తారు? ఆదివాసి పేరని ఓర్వలేకపోయారంటారు. మీ ముందు నేను తలెత్తుకోగలనా?"

"నా ముందు ఎత్తుకోవచ్చు. నేనే అడుగుతున్నా కదా నెవిల్ గారూ."

"తీర్మానం చేసి పెట్టిన పేరు ఆంటీ. తీర్మానంతోనే తియ్యాలి. సమావేశం ఇరవై రెండో తారీఖున." కుర్చీ లాక్కుని కూర్చుని, "వెనక తలుపు ఉంది కదా," అన్నాడు. "అటు నుంచి తీసుకురండి డల్సీని. బోర్డు కనపడదు."

వాల్మాకి కోపం వచ్చింది. వచ్చిన కోపం ఎక్కడ పెట్టాలో తెలియలేదు. ఎదురుగా ఇద్దరూ కళ్ళు తుడుచుకుంటున్నారు.

బుధవారం పొద్దున్న వెనక తలుపు మాట అత్తకి చెప్పక తప్పలేదు. అత్త పరుపు మీద కూర్చుని ఉంది. పాదాలు ఉబ్బాయి. మొహం కూడా ఉబ్బింది. కార్మెల్ నర్సు అప్పుడే వచ్చి చెయ్యి పట్టుకు చూసి, వాల్మాని పక్కకి పిలిచి చెప్పి వెళ్ళింది. శుక్రవారం మధ్యాహ్నం లోపల మిషన్ మీద కూర్చోకపోతే విమానం పిలుస్తానని, విమానం ఎక్కితే పెర్త్, పెర్త్ వెళ్ళిన మనిషిని వెనక్కి పంపడం తన చేతుల్లో ఉండదని.

అత్త మాట పూర్తిగా విన్నది. టీ కప్పు కింద పెట్టింది.

"మా అమ్మ ఈ ఊరి కొట్లో వెనక కిటికీలోంచి పిండి కొనేది. నేను సినిమా చూసింది వెనక తలుపులోంచి పోయి, ముందు వరసలో కింద కూర్చుని. మీ మామకి గ్రేడర్ ఉద్యోగం వచ్చిన్నాడు కూడా పబ్బులో ఆయనకి బీరు వెనకవైపునే ఇచ్చారు. మళ్ళీ వెనక తలుపా? ఈసారి మర్యాద కోసమా?" అని నవ్వింది. ఆయాసం వచ్చి నవ్వు ఆగిపోయింది. "వెనక నించి పోతే మాత్రం, ఆయన పేరున్న కప్పు కింద కాదంటే? పేరు ముందుంటే ఇల్లంతా ఆ పేరే కదా. పోనియ్యవే. విమానం వస్తే రానీ."

"అలా అనకు అత్తా."

"మరేమనను? నువ్వు ఆఫీసరువి కదా. చెయ్యి."

ఆ మాటలో ఎగతాళి లేదు. అదే వాల్మాకి ఎక్కువ తగిలింది.

గురువారం పొద్దున్న పోస్టాఫీసు ముందు ఎవరో ముసలావిడ కాలిబాట పలక తగిలి తూలింది. పడలేదు, తూలింది. ఆవిడ షైర్‌కి ఫోన్ చేసింది. వాల్మా ఆఫీసు కిటికీలోంచి చూస్తూనే ఉంది. అరగంట తిరక్కుండా పచ్చ లారీ వచ్చింది. ఇద్దరు మనుషులు దిగి, చుట్టూ హెచ్చరికకి నారింజరంగు ప్లాస్టిక్ టోపీలు పేర్చి, పలక పీకి, మట్టి సర్ది, కొత్త పలక వేసి వెళ్ళిపోయారు. తీర్మానం లేదు, సంఘం లేదు, ఇరవై రెండో తారీఖు లేదు. పలక గౌరవానికి సంబంధించింది కాదు, ప్రమాదానికి సంబంధించింది. గౌరవానికి మూడు వారాలు, ప్రమాదానికి అరగంట.

వాల్మా లేచి, సంచిలో స్పానర్ వేసుకుని బయటికొచ్చింది.

మధ్యాహ్నం ఊరంతా భోజనాలకి పోయే వేళ బండిని హాలు గోడకి ఆనించి, వెనక తొట్టి మీదికి ఎక్కింది. యాభై ఆరేళ్ళ మనిషి, అధికారి బట్టల్లో. బోర్డు వైపు చూడకూడదు కాబట్టి మొహం అటు తిప్పుకుని, చేత్తో తడుముకుంటూ, ఒక చివర రెండు బోల్టులూ వదులు చేసింది. బోర్డు ఒక పక్కకి వాలింది. కిందికి దిగి, ఎవరైనా చూశారా అని చూసింది. కార్మెల్ నర్సు కిటికీ దగ్గర నిలబడి ఉంది. ఆమె తెర లాగేసుకుంది.

ఇక ఫిర్యాదు ఒక్కటే మిగిలింది. ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చుని ప్రమాదాల ఫారం తెరిచింది. ఏమి ప్రమాదం: బోర్డు ఊడి వేలాడుతోంది, తల మీద పడవచ్చు. ఎలా జరిగింది: గాలికి. అబద్ధమే, కానీ ముల్లును ముల్లుతోనే తియ్యాలి. ఎక్కడ: 'కొత్త హాలు' అని కొట్టింది. అటువంటి ఆస్తి లేదని కంప్యూటర్ ఎర్రగా చెప్పింది. 'కిడ్నీ హాలు' అని కొట్టింది. లేదంది. 'వాగు రోడ్డు హాలు' అని కొట్టింది. అదీ లేదంది.

డిపోకి ఫోన్ చేసింది. ఎత్తింది కెవ్. పచ్చ లారీ ఆయనదే. మామ పక్కన ఇరవై ఏళ్ళు పనిచేసినవాడు.

"కెవ్, హాలు బోర్డు ఊడింది. లారీ పంపు."

"చూశాలే వాల్మా, ఇప్పుడే అటునించి వచ్చా. నేనే వద్దునుగా. కానీ నంబరు లేనిదే గేటు దగ్గర లారీని వదలరు. ఫారం నింపు, నంబరు పడుద్ది."

"ఫారం తీసుకోవడం లేదు."

"సొంత పేరు కొట్టాలి. రిజిస్టర్లో ఎట్టా ఉంటే అట్టా. వేరేది కొడితే ఒప్పుకోదు, మొండి ముండ." ఆ పేరు ఎవరిదో కెవ్‌కి అప్పుడు తట్టింది. "నేను కొట్టనా? కొడదామంటే మా డిపో వాళ్ళకి ఆ ఫారం తెరుచుకోదు. అధికారులకే."

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటే ఇదే. వాల్మా ఫోన్ పెట్టేసింది. షోనా చేత కొట్టిద్దామని లేచింది. షోనాకి చెబితే ఆ పిల్ల మళ్ళీ సంఘం అంటుంది. బోల్టు సంగతి అడుగుతుంది, అబద్ధం చెప్పలేక నెవిల్‌తో చెబుతుంది. వాల్మా మళ్ళీ కూర్చుంది.

ఆవిడ మామని ఎప్పుడూ పేరుతో పిలవలేదు. చిన్నప్పుడు కూడా మామ అనే. వాళ్ళమ్మ పోయినప్పుడు ఆవిడకి తొమ్మిదేళ్ళు. అప్పుడు భుజాన ఎత్తుకుని వాగు దాటించింది ఆ మనిషి. ఇప్పుడు ఆయన పోయి ఇరవై రోజులు కాలేదు. దారి మధ్యలో ఎక్కడో ఉండి ఉంటాడు. ఇక్కడ తను పేరు రాస్తే అక్కడ ఆయన ఆగుతాడు. మేనకోడలే పిలిచిందని ఆగుతాడు. పదిహేడేళ్ళుగా తెల్లవాళ్ళకి ఇది వద్దు, ఇది వద్దు అని నేర్పింది తనే. పద్నాలుగో పేజీ రాసింది ఈ చెయ్యే. వాల్మాకి భయం వేసింది. అత్త ఉబ్బిన పాదాలు గుర్తొచ్చాయి. ఏడుస్తూనే, ఒక్కొక్క మీటా వెతుక్కుంటూ, ఒక్క వేలితో కొట్టింది. మొదటి పేరు, ఇంటిపేరు. కంప్యూటర్ వెంటనే ఒప్పుకుని, మీ అప్రమత్తతకు ధన్యవాదాలు అంది.

ముప్పై ఐదు నిమిషాల్లో పచ్చ లారీ హాలు ముందుంది. నారింజరంగు టోపీలు పేర్చారు. కెవ్ తనే నిచ్చెనెక్కాడు. విప్పేటప్పుడు రెండు బోల్టుల మీద స్పానర్ గీతలు కొత్తగా మెరుస్తుంటే బొటనవేలితో రుద్ది చూసి, ఏమీ అనకుండా జేబులో వేసుకున్నాడు. బోర్డు కిందికి దించి, లారీలో బోర్లా పెట్టి, పైన పట్టా కప్పాడు. బోర్లా పెట్టమని ఎవరూ చెప్పలేదు. అది పుస్తకంలో ఏ పేజీలోనూ లేదు. కెవ్ ఆ శిక్షణకి కూడా రాలేదు, ఆ రెండు రోజులూ ఆయన మురుగు కాలవలో ఉన్నాడు.

సాయంత్రానికి షోనా దగ్గరికి కాగితం వెళ్ళింది. ఆమె వాల్మా గదికి పరిగెత్తుకొచ్చింది.

"ఆంటీ, బోర్డు దానంతటదే ఊడిందట. ఎవరూ నిర్ణయం తీసుకోనక్కర్లేదు." ఆమె మొహంలో ఎంత తేలిక పడిందో చూస్తే వాల్మాకి జాలేసింది. "కానీ మళ్ళీ పెట్టాలంటే మాత్రం, ప్రమాదం జరిగిన బోర్డు కాబట్టి ఇంజినీరు నివేదిక కావాలి. ఇంజినీరు వచ్చి, చూసి, రాసి, అది పెర్త్ వెళ్ళి వచ్చేసరికి పద్నాలుగు నెలలు పట్టేట్టుంది. మీకు చెప్పడానికి సిగ్గుగా ఉంది."

"పరవాలేదు. ఓపిక పడతాం," అంది వాల్మా. మిరిల్గూ చరిత్రలో ఆఫీసు ఆలస్యం ఒకరికి అక్కరకొచ్చింది అదే మొదలు.

శుక్రవారం పొద్దున్న డల్సీ అత్త ముందు తలుపులోంచి నడిచి వెళ్ళింది. గుమ్మం ముందు ఒక్క క్షణం ఆగి పైకి చూసింది. ఉత్త గోడ. లోపలికెళ్ళి కుర్చీలో వాలింది. కార్మెల్ ఎడమ చేతికి సూదులు గుచ్చి, మిషన్ పెట్టి, తలుపు దగ్గరికి వేసి వెళ్ళింది. వాల్మా పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది. మిషన్ తిరగడం మొదలయ్యాక అత్త అడిగింది.

"ఎట్టా దించావే?"

"ఊడిపోయిందత్తా. గాలికి."

"నాలుగు రోజుల్నించి ఆకు కదల్లేదు."

వాల్మా తల వంచుకుంది. చెప్పకుండా ఉండొచ్చు, అత్త ఇంకోసారి అడగదు. కానీ దాచిపెట్టుకోవడం ఆవిడ వల్ల కాలేదు.

"ఫారంలో పేరు కొట్టాలన్నారు అత్తా. కొడితేనే లారీ వస్తుందన్నారు."

అత్త కళ్ళు మూసుకుంది. వాల్మాకి ఆ కాసేపట్లో, తను ఇక వాగు దగ్గర పరుపుల మీద కూర్చోలేననిపించింది.

"నోటితో అన్నావా?"

"అన్లేదు. రాశా."

"ఏ చేత్తో?"

వాల్మా కుడి చెయ్యి ఒళ్ళోంచి కొంచెం ఎత్తి చూపించింది.

"ఇలా ఇయ్యి," అంది అత్త.

సూదులు లేని చేత్తో ఆ చేతిని అందుకుని, తన పొట్ట మీద పెట్టుకుని, పైన తన అరచెయ్యి మూసింది. "మా ఇద్దరి కోసం రాశావు. ఆయనకి తెలియదా ఏంటి, బండి పక్కకి తిప్పుకుని పోతాడులే," అంది. "మిషన్ ఆగేదాకా ఇక్కడే ఉంచు."

మిషన్ ఇంకా నాలుగున్నర గంటలు ఆడాలి. పది గంటలకి వాల్మా కుడి జేబులో ఫోన్ మోగింది. భాగస్వామ్యం మీద వార్షిక నివేదిక అచ్చుకి వెళ్తోందనీ, ఆంటీ సంతకం ఒకటి కావాలనీ షోనా పొద్దున్నే చెప్పి ఉంది. ఫోన్ మోగి మోగి ఆగింది. కాసేపటికి మళ్ళీ మోగింది. వాల్మా కదల్లేదు. సంతకం పెట్టే చెయ్యి ఖాళీగా లేదు.